పాపకి వాకీటాకీ: ఒక వేసవి ప్రాజెక్టు డైరీ

మే 18, 2025, ఆదివారం

ఇవాళ కూడా పాప నా ఫోను తీసుకుని వాళ్ల నాయనమ్మతో మాట్లాడింది. మాట్లాడింది రెండు నిమిషాలు. ఆ తర్వాత ఫోను తిరిగి తీసుకోవడానికి అరగంట పట్టింది. నాయనమ్మతో మాట్లాడటం మానిపించాలని నాకు లేదు. నాయనమ్మ కోసం తీసుకున్న ఫోను బొమ్మల వీడియోల దాకా పోకుండా ఉంటే చాలు.

మా అమ్మానాన్నలది తెనాలి దగ్గర మా ఊళ్లో పాత పెంకుటిల్లు. మేముండేది అదే వీధిలో నాలుగిళ్ల ఇవతల, స్లాబు ఇల్లు, పై అంతస్తు. మా మెట్ల దగ్గర్నుంచి వాళ్ల అరుగు దాకా నడిచి లెక్కపెట్టాను, 120 అడుగులు. నా అడుగు డెబ్బై సెంటీమీటర్లు అనుకుంటే 85 మీటర్లకి ఒక మీటరు అటూ ఇటూ. అంతదూరం ఐదేళ్ల పిల్ల గొంతు వినపడదు. కానీ రోజుకి పదిసార్లు చెప్పుకోవలసిన కబుర్లు మాత్రం ఉంటాయి. పిల్లి కూనలు కళ్లు తెరిచాయనీ, ఇవాళ మా ఇంట్లో బెండకాయ కూరనీ, తాతయ్య సైకిలు మీద ఎప్పుడు తిప్పుతారనీ.

మా నాన్నగారు రైల్వేలో గూడ్స్ గార్డుగా పనిచేసి 2011లో రిటైరయ్యారు. వాకీటాకీ అన్న మాట ఎత్తగానే ఆయన పేపరు పక్కన పెట్టి, "కొనరా, నేను నేర్పిస్తాను" అన్నారు. అక్కడితో నిర్ణయం అయిపోయింది. జత రెండు వేల రూపాయలు దాటకూడదు. పాప ఎవరి సాయమూ లేకుండా వాడుకోగలగాలి. స్కూళ్లు తెరిచేది జూన్ 12న, ఆలోపు తేల్చాలి.

మే 20, మంగళవారం

తెనాలి బజారులో ఫ్యాన్సీ షాపులో 650 రూపాయలకి ఒక జత తెచ్చాను. అట్టపెట్టె మీద సైనికుడి బొమ్మ, లోపల రెండు పచ్చ ప్లాస్టిక్ సెట్లు, ఒక్కోదానికి ఒక 9 వోల్టుల చదరపు బ్యాటరీ, బయటికి లాగే స్టీలు యాంటెన్నా. 27 మెగాహెర్ట్జ్ అని వెనక చిన్న అక్షరాల్లో ఉంది, అది సెట్టు వాడే రేడియో తరంగాల ఫ్రీక్వెన్సీ.

పాపకి ఇచ్చే ముందు నేనే గంటసేపు వాడి చూశాను. ఆన్ చేసిన క్షణం నుంచి "స్‌స్‌స్" అని ఒకటే హోరు. అవతలివాళ్లు మాట్లాడితే ఆ హోరు మీదనే మాట వినిపిస్తుంది, ఆపేస్తే మళ్ళీ హోరు. స్క్రూలు విప్పి చూస్తే కారణం తెలిసింది. లోపల ఉన్నది సూపర్ రీజనరేటివ్ రిసీవరు. రెండు మూడు ట్రాన్సిస్టర్లతో అతి చవకగా అయిపోయే పాత పద్ధతి. సిగ్నల్ లేనప్పుడు స్పీకరు నోరు మూయించే ఏర్పాటుని స్క్వెల్చ్ అంటారు, అది ఇందులో లేదు. మా నాన్నగారికి డ్యూటీలో ఇచ్చిన సెట్లలో స్క్వెల్చ్ మీట ఉండేదట. అది కాస్త తిప్పి పెడితే రాత్రంతా సెట్టు పక్కన నిశ్శబ్దంగా ఉండేదనీ, డ్రైవరు పిలిచినప్పుడే పలికేదనీ చెప్పారు. ఈ బొమ్మ సెట్టుని పక్కన పెట్టుకుని నాయనమ్మ వంట చేసుకోలేదు. హోరు భరించలేక ఆపేస్తుంది. ఆపేసిన సెట్టుకి పాప ఎన్నిసార్లు పిలిచినా లాభం లేదు.

దూరం కూడా చాలలేదు. ఇంట్లో గది నుంచి గదికి బాగానే వచ్చింది. వీధిలోకి దిగి నడుస్తూ పోతే నలభయ్యో అడుగు దగ్గర మాట హోరులో కలిసిపోయింది. 27 మెగాహెర్ట్జ్ అంటే తరంగం పొడవు 11 మీటర్లు. అందులో నాలుగో వంతు పొడుగు యాంటెన్నా అంటే రెండు మీటర్ల డెబ్బై అయిదు సెంటీమీటర్లు ఉండాలి. ఈ సెట్టుకున్నది జానెడు తీగ. బ్యాటరీ ఇచ్చే కాస్త శక్తిలో ఎక్కువ భాగం గాలిలోకి పోకుండా అక్కడే వృథా అవుతుంది.

యాంటెన్నా సంగతి ఇంకోటి. పాప సెట్టు పట్టుకుని పరిగెత్తి మంచం మీదకి ఎక్కింది. ఆ స్టీలు కొన ఆమె కంటికి రెండంగుళాల దూరంలో ఊగడం నేను చూశాను. ఈ జతని వద్దనుకోవడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు. లాగి పెంచే లోహపు యాంటెన్నా ఉన్నది ఐదేళ్ల పిల్ల చేతికి ఇవ్వకూడదని ఈ పుస్తకంలో మొదటి నియమంగా రాసుకుంటున్నాను.

మే 21, బుధవారం

పచ్చ సెట్టు రాత్రంతా ఆన్‌లోనే ఉండిపోయింది, పొద్దున్నకి బ్యాటరీ అయిపోయింది. కొత్త 9 వోల్టుల బ్యాటరీ వెతికి తేవాలంటే మళ్ళీ తెనాలి వెళ్లాలి. మా ఊరి కిరాణా కొట్లో దొరికేవి పెన్సిల్ సెల్లులు, అంటే గోడ గడియారంలోవీ, టీవీ రిమోట్‌లోవీ. సెట్టు ఆ సెల్లుల మీద పనిచేయాలి. రెండో నియమం.

మధ్యాహ్నం పాప వచ్చి, "నాన్నా, ఇందులో ఎవరో మామయ్య మాట్లాడుతున్నాడు" అంది. చెవి పెట్టి విన్నాను. హోరు వెనక మగ గొంతు, ఏ భాషో అర్థం కాలేదు. 27 మెగాహెర్ట్జ్ తరంగాలు సూర్యుడు చురుగ్గా ఉన్న సంవత్సరాల్లో పై వాతావరణంలోని అయనోస్ఫియర్ పొరకి తగిలి వందల, వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. ప్రపంచమంతటా సిటిజన్ బ్యాండ్ రేడియోలు, అంటే మామూలు జనం వాడుకునేవి, ఈ ఫ్రీక్వెన్సీల చోటే మాట్లాడతాయి, పిల్లల బొమ్మ సెట్లు చాలావాటిలో వాడే 27.125 మెగాహెర్ట్జ్ ఆ బ్యాండులో 14వ ఛానెలు. నాకైతే ఒళ్లు జలదరించింది, ఎంత దూరం నుంచి వచ్చిందో కదా అని. కానీ పాప ఆ మామయ్యకి తన పేరు చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడే కూర్చోబెట్టి చెప్పాను: ఇందులో మన మాట ఎవరైనా వినొచ్చు, అందుకే పేరూ ఊరూ చెప్పకూడదు, నాయనమ్మనీ తాతయ్యనీ మాత్రమే పిలవాలి. తల ఊపింది. రేపు మళ్ళీ చెప్పాలి.

మే 25, ఆదివారం

రోహిణి కార్తె ఇవాళ మొదలు. బయటికి వెళ్లే ఎండ కాదు, కూర్చుని చట్టం చదివాను. ఈ పని మొదట చేసి ఉంటే 650 రూపాయలు మిగిలేవి.

మన దేశంలో రేడియో తరంగాలు ప్రభుత్వానివి, వాడుకోవాలంటే లైసెన్సు ఉండాలి. కొన్ని చోట్ల మాత్రం మినహాయింపు ఉంది. 2018లో వచ్చిన తక్కువ శక్తి పరికరాల నియమాల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే చిన్న సెట్లకి లైసెన్సు అక్కర్లేదు. ఐరోపాలో పీఎంఆర్ 446 అని పిలిచేది ఇదే చోటు, శక్తి అర వాటు. లైసెన్సు అక్కర్లేకపోయినా ఆ మోడలుకి టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చిన ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్, అంటే ఈటీఏ, ఉండాలి. 27 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండుకి కూడా 5 వాట్ల వరకు మినహాయింపు 2005 నుంచే ఉంది. కాబట్టి పచ్చ సెట్టు ఆ చోటులో ఉండటం తప్పేమీ కాదు, అది మనకి పనికిరాలేదంతే.

ఈ మధ్యనే, మే నెలలోనే, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ ఆన్‌లైన్ అమ్మకపు వేదికలకి 13 నోటీసులు ఇచ్చింది. ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, లైసెన్సు కావాలో అక్కర్లేదో, ఈటీఏ ఉందో లేదో చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నారని. పిల్లల బొమ్మ అనుకుని కొనే నాలాంటివాళ్లకి ఇది చాలా అవసరమైన పని. పెట్టె మీద "లాంగ్ రేంజ్" అని పెద్దక్షరాల్లో రాస్తారు, ఫ్రీక్వెన్సీ ఎక్కడా ఉండదు. ఫ్రీక్వెన్సీ రాయని సెట్టు కొనకూడదు. మూడో నియమం.

సాయంత్రం డల్లాస్ నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. అక్కడ పిల్లల సెట్లు చాలా బాగుంటాయట, వచ్చే నెల వచ్చేవాళ్లతో ఒక జత పంపిస్తానంది. వద్దని చెప్పాల్సి వచ్చింది. అమెరికాలో అందరూ వాడుకునే ఎఫ్ఆర్ఎస్ ఛానెళ్లు 22, అన్నీ 462, 467 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. అక్కడ లైసెన్సు అక్కర్లేదు, ఇక్కడ ఆ చోటు మనది కాదు. "బొమ్మకి కూడా ఇంత ఉందా అన్నయ్యా" అని చిన్నబుచ్చుకుంది. దాని పిల్లలకి అక్కడ అదే కొనుక్కోమన్నాను. పాపకి మాత్రం రంగు పెన్సిళ్లు పంపమన్నాను.

మే 27, మంగళవారం

గుంటూరులో పని పడి, ఎలక్ట్రానిక్స్ కొట్లున్న వీధిలో రెండు కొట్లు చూశాను. మొదటి కొట్లో నల్లటి పెద్ద సెట్టు చూపించారు. 5 వాట్లు, 400 నుంచి 470 దాకా ఎక్కడికైనా తిప్పుకోవచ్చు, జత 2,400. "లైసెన్సు ఎవరూ అడగరండీ, పెళ్లిళ్లకి అందరూ ఇవే తీసుకెళ్తున్నారు" అన్నాడు కొట్టతను. చేతిలోకి తీసుకుంటే దాని బరువుకే అర్థమైంది ఇది పాప చేతికి కాదని. పైగా పక్కన ఏ ఆసుపత్రివాళ్లో, పోలీసులో మాట్లాడుకునే చోటులోకి పాప వేలు జారి వెళ్లొచ్చు. అక్కడే పెట్టేసి వచ్చాను.

రెండో కొట్లో పిల్లల పీఎంఆర్ సెట్టు దొరికింది. జత 1,780. కొనే ముందు అక్కడే నిలబడి చూసుకున్నవి ఇవి. పెట్టె మీద 446 అన్న అంకె, ఈటీఏ నంబరు. బొమ్మ కాబట్టి ఐఎస్ఐ గుర్తు. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలన్నిటికీ అది తప్పనిసరి, కరెంటుతో గానీ బ్యాటరీతో గానీ నడిచేవాటికి ఐఎస్ 15644 అన్న నంబరు కింద ఇస్తారు. బ్యాటరీ మూతకి స్క్రూ ఉందా. యాంటెన్నా కదలకుండా రబ్బరుతో పొట్టిగా ఉందా. 446 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 67 సెంటీమీటర్లే కాబట్టి ఇక్కడ వేలెడంత యాంటెన్నా కూడా పని చేస్తుంది, అదే ఈ చోటు గొప్పతనం. సెల్లులు మూడు, చిన్న పెన్సిలువి.

ఆ తర్వాత మాట్లాడే బటన్. నా చిటికెన వేలితో నొక్కి పది అంకెలు లెక్కపెట్టే దాకా పట్టుకున్నాను. నా చిటికెన వేలు, పాప బొటనవేలు దాదాపు ఒకే బలం అని నా అంచనా. పక్కనున్న ఇంకో మోడలు నాలుగు వందలు తక్కువ, కానీ బటన్ బిగుతుగా ఉంది, ఆరు దగ్గరే వేలు నొప్పెట్టింది. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి. నాలుగు వందలు ఎక్కువైనా మెత్తటి బటన్ ఉన్నదే తీసుకున్నాను.

జూన్ 1, ఆదివారం

ఉదయం ఆరింటికి కాలువ గట్టు మీద దూరం కొలిచాం. నాన్నగారు లాకుల దగ్గర వేపచెట్టు కింద కూర్చున్నారు, పాప ఆయన పక్కన. నేను స్కూటరు మీద గట్టు వెంబడి పోతూ ప్రతి వంద మీటర్లకీ ఆగి పిలిచాను. 500 దగ్గర పక్కింట్లో మాట్లాడినంత స్పష్టంగా ఉంది. 900 దగ్గర గరగర మొదలైంది. 1,100 దగ్గర పాప "నాన్నా తిరిగి రా" అన్నది తెగుతూ తెగుతూ అందింది, ఆపైన లేదు. పెట్టె మీద రాసింది మూడు కిలోమీటర్లు. ఎదురుగా ఏ అడ్డమూ లేని చోట, ఎత్తు మీద నిలబడి కొలిస్తే రావచ్చేమో. మూడున్నర అడుగుల పిల్ల చేతిలో, చెట్ల మధ్య రాదు. ఏమైనా మాకు కావలసింది 85 మీటర్లు.

అయితే 1,100 మీటర్లు పలికిన అదే సెట్టు మా ఇంట్లో 85 మీటర్లకి తడబడింది. ఇది నేను ఊహించలేదు. పాప గదిలోంచి పిలిస్తే అరుగు మీద ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. వంటింట్లోంచి కొంచెం నయం. స్నానాల గదిలోంచి అసలు లేదు. ఒక సెట్టు నాన్నగారికిచ్చి, రెండోది పట్టుకుని గది గదీ తిరిగాను. పాప గదికి వీధి వైపు రెండు గోడలు, మధ్యలో స్తంభం, పైన ఇనుప చువ్వల స్లాబు, పక్కనే ఇనుప బీరువా. బీరువా ముందు నుంచి కిటికీ దగ్గరికి రెండడుగులు జరిగితే మాట శుభ్రంగా వచ్చింది. అవతల పెంకుటింట్లో ఎక్కడ నిలబడినా ఫరవాలేదు, మట్టి పెంకూ టేకు దూలమూ పెద్దగా అడ్డం పడవు. వెనక రేకుల షెడ్డులోకి వెళితే మాత్రం పూర్తిగా ఆగిపోయింది.

కాబట్టి ఖరీదైన సెట్టు కోసం చూడటం కంటే నిలబడే చోటు వెతుక్కోవడం మేలు. కిటికీ పక్కన నేల మీద సుద్దముక్కతో గుండ్రం గీశాను. "ఇది మన స్టేషను" అన్నారు నాన్నగారు. పాప లోపల తన పేరులోని మొదటి అక్షరం రాసుకుంది.

జూన్ 3, మంగళవారం

నాన్నగారి పాఠాలు. రోజూ సాయంత్రం పావుగంట.

మొదటి కష్టం, పాప ముందు మాట మొదలుపెట్టి తర్వాత బటన్ నొక్కుతుంది. "తాతయ్యా" అంటే అవతల "తయ్యా" అని వినిపిస్తుంది. నొక్కాక సెట్టు పంపడం మొదలుపెట్టడానికి ఒక్క క్షణం పడుతుంది, అది పాపకి తెలియదు. నాన్నగారు చెప్పిన మందు: "నొక్కు, ఊపిరి పీల్చు, మాట్లాడు." ఊపిరి పీల్చేంత సేపే కావలసింది. రెండో కష్టం, మాట్లాడటం అయిపోయాక కూడా బటన్ వదలదు. నొక్కి ఉంచినంత సేపు తను ఏమీ వినలేదు, అవతలివాళ్ల మాట గాలిలోనే పోతుంది. ఫోనులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడొచ్చు, ఇందులో ఒకరి తర్వాత ఒకరే. ఐదేళ్ల పిల్లకి ఇది చెప్పి నేర్పలేం. ఎదురెదురుగా కూర్చుని మధ్యలో ఒక రబ్బరు బంతి పెట్టారు. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి, అయిపోగానే "ఓవర్" అని దొర్లించాలి. రెండో రోజుకి బంతి అక్కర్లేకపోయింది.

బటన్ వదిలినప్పుడు సెట్టు "టుక్" అని ఒక చిన్న మోత పంపుతుంది. పెద్దవాళ్లు విసుగని దాన్ని ఆపేసుకుంటారు. మేం ఉంచాం. పాపకి తన వంతు వచ్చిందని చెప్పేది ఆ మోతే.

గూడ్సు బండి కదిలినప్పుడు ముందు డ్రైవరు, వెనక గార్డు పచ్చజెండా ఊపుకుని "ఆల్ రైట్" అనుకోవడం రైల్వేలో రివాజు. సెట్లు వచ్చాక జెండాతో పాటు గొంతుతో కూడా చెప్పుకునేవారట. అర కిలోమీటరు పైన పొడవున్న బండికి ఆ చివర ఉన్న మనిషి బాగున్నాడని ఈ చివరికి తెలియడానికి. గార్డుని 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ నాన్నగారికి మాత్రం గార్డే. పాపకి ఆయన నేర్పిన మొదటి మాట కూడా అదే, "ఆల్ రైట్ తాతయ్యా, ఓవర్."

జూన్ 5, గురువారం

ఇవాళ పొద్దున్న పది నుంచి పన్నెండు దాకా పాప కిటికీ దగ్గర నిలబడి పిలుస్తూనే ఉంది. జవాబు లేదు. ఏడుపు మొహంతో నా దగ్గరికొచ్చింది. చూస్తే తన సెట్టు 5వ ఛానెలులో ఉంది, అవతలిది 1లో. పక్కనున్న పైకి, కిందకి బటన్లు ఎప్పుడో వేలికి తగిలాయి. రెండు గంటలపాటు నాయనమ్మ తనతో మాట్లాడటం లేదనుకుంది పిల్ల.

తాళం వేసే ఏర్పాటు సెట్టులో ఉంది, ఒక బటన్ మూడు సెకన్లు నొక్కితే పడుతుంది. కానీ పాప అన్ని బటన్లనీ మూడు సెకన్ల కంటే ఎక్కువే నొక్కుతుంది, తాళం దానంతటదే ఊడుతుంది. సైకిలు షాపు నుంచి పాత ట్యూబు ముక్క తెచ్చి అరచేతి వెడల్పు వలయం కోశాను. సెట్టుకి తొడుగులా ఎక్కించి, మాట్లాడే బటన్ దగ్గర మాత్రం రూపాయి బిళ్లంత రంధ్రం చేశాను. ఛానెల్ బటన్లూ, మెనూ, అన్నీ కిందికి పోయాయి. స్పీకరు జాలీ బయటే ఉంది. ఇప్పుడు ఆ సెట్టుకి పైన ఆన్ ఆఫ్ మీట, పక్కన ఒక రంధ్రం, అంతే. ఈ ప్రాజెక్టులో నేను చేసిన అన్ని పనుల్లో బాగా కుదిరింది ఇదే. పైగా కింద పడితే రబ్బరు కాస్త కాపాడుతుంది, చెమట చేతికి జారదు.

పెట్టె మీద 38 ప్రైవసీ కోడ్‌లు అని గొప్పగా రాసి ఉంటుంది. దాని గురించి ఒక మాట రాసి పెట్టాలి, చాలామంది పొరపడతారు. ఆ కోడ్ మన మాటతో పాటు చెవికి అంతగా వినపడని ఒక స్వరం పంపుతుంది, మన రెండో సెట్టు ఆ స్వరం ఉన్న మాటలకే నోరు తెరుస్తుంది. ఇతరుల మాటలు మనకి వినపడకుండా చేస్తుందే తప్ప మన మాటలు ఇతరులకి వినపడకుండా చేయదు. కోడ్ పెట్టని సెట్టు ఎవరి చేతిలో ఉన్నా పాప మాట వాళ్లకి వినిపిస్తుంది. పేరూ ఊరూ చెప్పకూడదన్న నియమం అలాగే ఉంది. రెండిటికీ ఒకే కోడ్ పెట్టాను, ఎవరైనా ఇదే ఛానెలుకి వస్తే పాప చెవిన పడకుండా.

జూన్ 8, ఆదివారం

ఇన్నాళ్లూ సెట్టు ఎంచుకునేటప్పుడు నేను పాప వేళ్లనీ నాన్నగారి అనుభవాన్నీ చూశాను. ఇవాళ లెక్క చూసుకుంటే తెలిసింది, పాప పిలుపుల్లో పదికి ఎనిమిది నాయనమ్మకే. ఆవిడ చేతులు నేను చూడలేదు.

అమ్మ ఈ వారం ఆవకాయ పెట్టింది. జాడీలో ముక్క ఊరుతోంది, మూడో రోజు తిరగగలిపింది. మోచేతుల దాకా ఆవపిండీ కారం నూనె. పాప పిలుస్తుంది, అమ్మ జవాబు చెప్పాలంటే చేతులు కడుక్కుని, తుడుచుకుని, వచ్చి బటన్ నొక్కాలి. ఈలోపు పాప ఇంకో రెండుసార్లు పిలుస్తుంది. "అది ఆగదురా, నా ప్రాణం కొట్టుకుపోతుంది" అంది అమ్మ.

సెట్టులో గొంతు వినగానే దానంతటదే పంపే వాక్స్ అనే ఏర్పాటు ఉంది. బటన్ నొక్కే పనే లేదు కదా అని సంబరపడి పెట్టాను. పావుగంట పనిచేసింది. తర్వాత కుక్కరు కూత వేసింది. కుక్కరు కూతని సెట్టు గొంతు అనుకుని పాపకి పంపింది. తాలింపు చిటపటలు పంపింది. అమ్మ పనిమనిషితో అన్న మాటలు పంపింది. అది పంపుతున్నంత సేపూ పాప మాట అటు చేరదు. పాప ఇటు నుంచి "నాయనమ్మా, రైలు ఎక్కడిది?" అని అడుగుతూ ఉండిపోయింది. వంటింట్లో వాక్స్ పనికిరాదు. తీసేశాను.

ఆఖరికి దారి అమ్మే చూపించింది. వంటింటి గుమ్మం పక్కన జల్లెడ తగిలించే మేకుంది. సెట్టుని దానికి తన భుజం ఎత్తులో తగిలించి, కింద కదలకుండా ఇంకో చిన్న మేకుకి ట్యూబు రబ్బరుతో కట్టించింది. ఇప్పుడు బటన్ గోడకి పక్కగా, బయటికి ఉంది. చేతులకి ఏమున్నా మోచేత్తో నొక్కి, "ఆఁ చెప్పు తల్లీ" అంటుంది. మాట జానెడు దూరం నుంచే బాగా వస్తోంది, మైకుకి మరీ దగ్గరగా అంటే పేలినట్టు ఉంటుంది. ఆ మెత్తటి బటన్ కాకపోయి ఉంటే మోచేత్తో కుదిరేది కాదు. కొట్లో పాప కోసం చిటికెన వేలితో చేసిన పరీక్ష అమ్మకి పనికొచ్చింది.

పెట్టెలో మెడకి వేసుకునే తాడు కూడా ఇచ్చారు. పాపకి అది ఇవ్వలేదు, కత్తిరించి పారేశాను. చెట్టెక్కే పిల్ల మెడలో తాడు ఉండకూడదు. వెనకున్న క్లిప్పుతో గౌను నడుముకి తగిలిస్తున్నాం.

జూన్ 11, బుధవారం

సెల్లుల లెక్క. పెట్టె కొన్నప్పుడు వేసిన ఆల్కలైన్ సెల్లులు తొమ్మిది రోజులు వచ్చాయి, రోజుకి నాలుగైదు గంటలు ఆన్‌లో ఉంచితే. రెండు సెట్లకి ఆరు సెల్లులు, ఇలా కొంటూ పోతే ఏడాదిలో సెట్టు ఖరీదు దాటిపోతుంది. చార్జింగ్ సెల్లులు ఎనిమిదీ, ఒక చార్జరూ తెచ్చాను. అవి ఒక్కోటి 1.5 కి బదులు 1.2 వోల్టులే ఇస్తాయి, మూడు కలిపితే 3.6. అందుకని సెట్టు మీది బ్యాటరీ బొమ్మ మొదట్నుంచీ సగమే చూపిస్తుంది. కంగారు పడక్కర్లేదు, మాట తగ్గలేదు, వీధి చివరి దాకా ముందులాగే వస్తోంది. పాతవీ కొత్తవీ కలపడం లేదు. సెల్లులు మార్చేది నేనొక్కణ్ణే, స్క్రూడ్రైవరు అల్మరా పై అరలో ఉంటుంది.

రాత్రి ఎనిమిదిన్నరకి రెండు సెట్లూ ఆపాలన్నది కొత్త నియమం. పాప ఒప్పుకోవడానికి నాన్నగారు సాయం చేశారు. రాత్రి డ్యూటీ దిగేటప్పుడు గార్డు సెట్టు అప్పజెప్పి సంతకం పెట్టాలని చెప్పారు. కిటికీ పక్కన ఒక నోటు పుస్తకం కట్టాం. పాప అందులో రోజూ ఒక గీత గీసి సెట్టు ఆపుతుంది.

జూన్ 15, ఆదివారం

స్కూలు తెరిచి మూడు రోజులైంది, ఒకటో తరగతి. వాడకం తగ్గుతుందనుకున్నాను. పొద్దున్న ఎనిమిదికి ఆటో వచ్చే ముందు ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకి బూట్లు విప్పకుండానే ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. నా ఫోను అడిగి పది రోజులైంది.

ఖర్చు మొత్తం రాస్తున్నాను. పచ్చ సెట్టు 650, పీఎంఆర్ జత 1,780, చార్జింగ్ సెల్లులూ చార్జరూ 900, ట్యూబు ముక్కకి సైకిలు షాపు అతను డబ్బులు తీసుకోలేదు. రెండు వేలు అనుకున్నది 3,330 అయింది. మొదటి 650 దండగే. సెల్లుల డబ్బు ఏడాదిలో తిరిగొస్తుంది. పచ్చ సెట్టు యాంటెన్నాలు ఊడదీసి లోపలి స్పీకర్లు దాచాను, పాప పెద్దయ్యాక విప్పి చూపిస్తాను.

జూన్ 22, ఆదివారం

నిన్న రాత్రి గాలివాన. కరెంటు పోయింది, ఫోను సిగ్నలు కూడా పోయింది. పాప గబగబా సుద్ద గుండ్రంలోకి వెళ్లి నిలబడి సెట్టు ఆన్ చేసింది. నొక్కి, ఊపిరి పీల్చి, "ఆల్ రైట్ నాయనమ్మా? ఓవర్" అంది. అటునుంచి వాన మోత, ఆ మోతలోంచి అమ్మ గొంతు: "ఆల్ రైటే తల్లీ. పెరట్లో మావిడి కొమ్మ ఒకటి విరిగింది. తాతయ్య లాంతరు వెలిగిస్తున్నారు. మీ నాన్నని కిటికీ వేయమను." ఒక్క క్షణం ఆగి, ఆమెకి ఎప్పుడూ గుర్తుండని ఆ మాట కూడా కలిపింది, "ఓవరు."

ఇవాళ చూస్తే అమ్మ సెట్టుకి కట్టిన ట్యూబు రబ్బరు వంటింటి వేడికి చీలింది. సైకిలు షాపుకి వెళ్లి, ఈసారి కాస్త మందం ట్యూబు అడగాలి.